వంగే గొట్టమా, వంగని గొట్టమా

పద్మశ్రీకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తనకేదైనా అయితే ఏడాది కూడా నిండని కూతురు హాసినిని ఎవరు చూస్తారు? అందుకే మూత్రంలో రెండోసారి నెత్తురు కనబడగానే, ఎనిమిదో తరగతితోనే బడి మానేసిన ఆమె, ఎవరినీ అడక్కుండా పరీక్షకు తేదీ తీసుకుంది. మూత్రసంచిలోకి కెమెరా గొట్టం పంపి చూస్తారట. పొద్దున్నే వెళ్లి, పిల్ల మధ్యాహ్నం నిద్ర లేచేలోగా పర్సుడీహ్‌లోని ఇంటికి వచ్చేయాలని ఆమె లెక్క.

ఆ లెక్క చెడగొట్టినవాడు భర్త అప్పలసూరి. బతుకుతెరువుకు ఉత్తరాదికి వచ్చి, ఆదిత్యపూర్ ఫ్యాక్టరీలో పైపు ఫిట్టరుగా చేస్తున్నాడు. వంగే గొట్టం రిపేరుకు వెళ్లింది, వంగనిదే ఉందని ముందురోజు ఆసుపత్రి నుంచి ఫోన్ రాగానే అతని మొహం మాడిపోయింది.

"ఓలమ్మో, ఇనప పైపే! ఒద్దు పద్మా. ఆ మెత్తది వచ్చినాక సూద్దుం."

"అదెప్పుడొత్తాదో ఆళ్లకే తెలీదట. నాను ఆగను మావా."

అప్పలసూరి షిఫ్టులో మొరపెట్టుకున్నాడు. ఇనప పైపంటే మనిషి ఎగిరిపడుతుంది, పట్టుకోవడానికి జనం కావాలని స్నేహితుడు అశోక్ తేల్చాడు. తెల్లారేసరికి మరో ముగ్గురితో వచ్చేశాడు. గుమ్మంలో నలుగురు మగాళ్లను చూసిన అత్త చిలకమ్మ, ఇదేదో పెద్దాపరేషనే అనుకుని మనవరాలిని చంకనేసుకుని వీధంతా చెప్పి వచ్చింది. దాంతో రక్తమిస్తామంటూ రైల్వే కాలనీ తెలుగువాళ్లు రెండు ఆటోల్లో ఆసుపత్రి దగ్గర దిగారు.

"బరాత్ హై క్యా?" అన్నాడు గేటు దగ్గర గార్డు, పెళ్లి ఊరేగింపేమో అనుకుని.

లోపల అప్పలసూరి సంచిలోంచి అరంగుళం ఇనప పైపొకటి, రబ్బరు గొట్టమొకటి తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. "మేడమ్, దేఖియే, యే వాలా నహీ ముడేగా!" అంటూ ఇనప పైపును వంచబోయి, వంగదని చూపించాడు.

డాక్టరమ్మ అసలు గొట్టం తెచ్చి చూపించింది. పెన్సిలంత లావుంది. మగవాళ్లకు దారి పొడుగు, వంపులు ఉంటాయి కాబట్టి వంగేదైతేనే బాగా ఓర్చుకుంటారని, ఆడవాళ్ల దారి పొట్టి, తిన్ననిది కాబట్టి మొద్దుబార్చే జెల్లీ రాస్తే వంగనిదాన్నీ చాలామంది తట్టుకుంటారని హిందీలో విడమరిచి చెప్పింది.

"ఇన్నావా? తిన్నగున్న కాడ బెండెందుకని మన కొళాయి ఏసినప్పుడు నువ్వేగా అన్నావు!" పద్మశ్రీ గొంతు వరండా దాకా వినిపించింది. "మూడున్నర కిలోల పిల్లని కన్నాను. పెన్సిలుకి దడుత్తానా? నెత్తురు నాది, భయం నాది. ఎప్పుడు సూడాలో నాను సెప్తాను. కావలత్తే నా తల కాడ నిలబడు."

నిలబడ్డాడు. ముందు జెల్లీ చల్లగా తగిలింది. తర్వాత మంట, ఇప్పుడే బాత్రూముకు పరిగెత్తాలన్నంత ఒత్తిడి. పద్మశ్రీ పళ్లు బిగించి తెర వంకే చూసింది. గడ్డ లేదు, రాయి లేదు. "థోడీ సూజన్ హై, దవా సే ఠీక్ హో జాయేగా" అంది డాక్టరమ్మ.

"సూడు మావా, ఉట్టి వాపేనట!" అంటూ తల తిప్పితే మావ లేడు. నేల మీద ఉన్నాడు.

ఆమెను పట్టుకోవడానికి వచ్చిన నలుగురూ అతణ్ని మోసుకెళ్లారు. పడ్డప్పుడు చిట్లిన నుదుటికి కుట్లు పడ్డాయి. హాసిని లేచేసరికి పద్మశ్రీ ఇంట్లోనే ఉంది.

పర్సుడీహ్ వైపు వెళ్లేవారు అప్పలసూరిని ఒకసారి పలకరించి రండి. కుట్లేసిన సూది వంగేదా, వంగనిదా అని మాత్రం అడక్కండి.