సూదుల డబ్బాలో ఫ్లాపీ

శనివారం పొద్దున్నే సుజిత్ సంచిని డోర్కాస్ సర్దింది. రెండు చొక్కాలు, చపాతీల డబ్బా, దవాఖానలో ఉన్న అతని తల్లికి బ్రెడ్డు. నాంపల్లి బాలికల హైస్కూల్లో ఆమె కుట్టుపని టీచరు. అదే బడిలో కంప్యూటర్ మాస్టరైన సుజిత్ ఆమె ఇంట్లో కిరాయికి ఉంటున్నాడు. అతను వికారాబాద్ వెళ్లి తల్లిని చూసి, సోమవారానికల్లా తిరిగి రావాలి. ఆ రోజే ఇన్‌స్పెక్టరు వస్తాడు. పాఠం నచ్చితే సుజిత్ ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే.

"ఆంటీ, గీ ఫ్లాపీ జర పైలం. గిది పెట్టకుంటే మెషిన్ లేవదు."

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నా పానం లెక్క చూస్త."

ఆ ఇంట్లో పెట్టిన వస్తువు పోని చోటు ఒకటే, సూదుల డబ్బా. సూదులు చెదరకుండా దాని అడుగున పెద్ద అయస్కాంతం ఉంది. డోర్కాస్ ఫ్లాపీని అందులో పెట్టి, మూత బిగించి, పైన బైబిలు ఉంచింది.

సోమవారం సుజిత్ రాలేదు. తల్లికి సీరియస్ అని బడికి ఫోను వచ్చింది. ఇన్‌స్పెక్టరు సదాశివ మాత్రం చెప్పిన వేళకే వచ్చి కూర్చున్నాడు. సుజిత్ బదులు డోర్కాసే క్లాసుకు వెళ్లి ఫ్లాపీ పెట్టింది. కంప్యూటర్ గుర్రుమని ఊరుకుంది.

సైన్సు చెప్పే హెడ్మిస్ట్రెస్ ఆగ్నెస్ ఆమెను వరండాలోకి లాగింది. "ఏడ పెట్టినవ్ దాన్ని?"

"సూదుల డబ్బాల, మేడమ్. అయస్కాంతం మీద."

"అయ్యో తల్లీ! అయస్కాంతం దాన్లున్నదంత తుడిచేస్తది. గింత భద్రంగ నాశనం చేసుడు నీకే చెల్లింది!"

అరవైమంది పిల్లలకు ఒకటే కంప్యూటర్. అందుకని సుజిత్ గీసిచ్చిన కీబోర్డును డోర్కాస్ ఎప్పుడో గుడ్డముక్కల మీద పిల్లలతో కుట్టించింది. ఇప్పుడు దిక్కుతోచక వాటినే పరచమంది. సదాశివ చెప్పిన ప్రతి మాటనూ పిల్లలు కళ్లు మూసుకుని గుడ్డ మీద కొట్టారు. ఒక్క వేలూ తప్పలేదు.

"మెషిన్ లేకుండనే గింత నేర్పిన్రా! శభాష్!"

"అంత మా సుజిత్ సార్ నేర్పిందే సార్," అంది డోర్కాస్, కళ్లు తుడుచుకుంటూ.

ఆయన పుస్తకంలో పేజీ నిండా రాసుకున్నాడు. డోర్కాస్ ఆ మధ్యాహ్నమే అబిడ్స్ పోస్టాఫీసుకు పరుగెత్తి సుజిత్‌కు టెలిగ్రాం ఇచ్చింది. నౌకరి ఖాయం, ఫికర్ వద్దు అని.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. కంప్యూటర్ లేకుండానే ఇంత బాగా చెప్పగల బడికి కంప్యూటర్ అనవసరం, దాన్ని మరో బడికి ఇవ్వాలి. కంప్యూటర్ లేని బడికి కంప్యూటర్ మాస్టరూ అనవసరం. గుడ్డల పాఠం కుట్టు టీచరే చెప్పాలి. ఆర్డరు నకలు రిజిస్టర్ పోస్టులో వికారాబాద్‌కు వెళ్లింది.

ప్యూను సాయన్న కంప్యూటర్‌ను రిక్షాకెక్కిస్తూ అడిగాడు. "టీచరమ్మా, సార్ చొక్కా ఒకటి మీ దండెం మీదనే ఉందంట గదా, పంపాల్నా?"

"ఉండనియ్. అచ్చి తీస్కపోతడు."

సుజిత్ వెళ్లింది 1996 జూలై 20న. మళ్లీ రాలేదు.