ఎవరింటి బాతు మాడుతోంది?

"ఈ దిండు గలీబు వాసన చూడు," అంటూ ఇన్షిరాహ్ దాన్ని తెచ్చి మొగుడి ముక్కుకు ఆనించింది.

"సబ్బు వాసన," అన్నాడు షౌకీ.

"సబ్బా! దీనిమీద తల పెట్టుకుంటే వడ్రంగి కొట్లో పడుకున్నట్టుంది నాకు. బాల్కనీలో నువ్వు చెక్క కాలుస్తుంటే నా బట్టలు ఎక్కడ ఆరెయ్యను? నీ నెత్తిమీదా?"

"కాల్చడం కాదే, కోత. లేజర్ కోత."

"కోతైతే పొగెందుకు వస్తుందయ్యా?"

షౌకీ మిషను మూత తుడవసాగాడు. తపాలా ఆఫీసులో రిటైరయ్యాక పొద్దుపోక కొనుక్కున్న మిషను అది. మూత వేసి మీట నొక్కితే సన్నటి కాంతి గీత పల్చటి ప్లైవుడ్‌ని జాలీలా కోసిపెడుతుంది. అతను దాన్ని ఎంతో మర్యాదగా "ఇంజనీరు గారు" అని పిలిచేవాడు. ఇన్షిరాహ్ "నా సవతి" అనేది.

అమ్మినవాడు జాగ్రత్తలు చెబుతున్నప్పుడు షౌకీ తల ఊపాడు. ఇన్షిరాహ్ విన్నది. పొగ గొట్టం ఆరుబయటికి పెట్టాలి, మంటలార్పే ఎర్ర సిలిండరు చేతికి అందేలా ఉంచాలి, ఏం జరిగినా సరే నడుస్తున్న మిషన్ని వదిలి కదలకూడదు. సిలిండరు చేతికి అందే చోటే ఉంది. గాలికి బాల్కనీ తలుపు కొట్టుకోకుండా షౌకీ దాన్ని అడ్డం పెట్టాడు.

"ఇవాళ ఆ గొట్టం బాల్కనీలో కనబడకూడదు," అని తేల్చేసింది ఇన్షిరాహ్. "సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి అక్క వస్తోంది. రెండు రంజాన్లయింది అది నా గడప తొక్కి."

ఆ సంగతి షౌకీకి తెలియక కాదు. అసలు అతని పథకమంతా దాని గురించే. మామగారు పోయాక ఆయన పాత ఫానూస్, అదే రంగు అద్దాల రేకు లాంతరు, ఇన్షిరాహ్‌కి వచ్చింది. అక్క తఫీదా మనసంతా దానిమీదే ఉండేది. మాటా మాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. అప్పటినుంచి ఆ లాంతరు ఏ రంజానుకీ వెలగలేదు. బీరువా మీద పాత శాలువాలో ముడుచుకుని కూర్చుంది.

అచ్చం అలాంటిదే చెక్కతో కోసి వదిన చేతిలో పెడితే? అక్కాచెల్లెళ్ళు కావలించుకుంటారు, నడుమ తను వినయంగా నిలబడతాడు. ఈ దృశ్యం షౌకీ కళ్ళముందు ఎన్నిసార్లు ఆడిందో!

ఇన్షిరాహ్ స్నానానికి వెళ్ళగానే లాంతరు దించి మిషను పక్కన పెట్టుకున్నాడు. బాల్కనీలో కనబడకూడదన్న గొట్టాన్ని వెనక్కి తిప్పి, వంటింటి కిటికీ తెర చాటునుంచి గాలిబావిలోకి వదిలాడు. షుబ్రా పేటలోని ఆ పాత మేడ నడుమ పైనుంచి కిందికి ఖాళీగా ఉండే సందు అది. అన్ని అంతస్తుల వంటిళ్ళ కిటికీలూ అందులోకే తెరుచుకుంటాయి. పోట్లాటలు, ఉల్లిపాయ అప్పులు అన్నీ అందులోంచే.

ఇంజనీరు గారు పని మొదలుపెట్టారు. ఇన్షిరాహ్ స్నానం చేసి వచ్చి పొయ్యి దగ్గర చేరింది. రంజాను తొలిరోజు కాబట్టి మేడలో ఇంటింటా బాతే. కాసేపటికి గాలిబావిలోంచి కింది అంతస్తు ఉమ్మ్ హైథమ్ కేక వినిపించింది.

"అమ్మాయిలూ! ఎవరింటి బాతు మాడుతోంది?"

"మాది కాదు!" అంది ఒక కిటికీ.

"మాదేనేమో!" అని ఏడుపు గొంతుతో అంది ఇంకో కిటికీ.

ఉపవాసంలో రుచి చూసే వీలు లేదు. ముక్కు చెప్పిందే వేదం. ఇంటింటా పొయ్యిలు టపటపా ఆగిపోయాయి. ఇన్షిరాహ్ కూడా అక్కకోసం పెట్టిన బాతు కింద మంట ఆర్పేసి, మూత తీసి అనుమానంగా చూసింది.

ఆ వాసన ఎక్కడిదో షౌకీకి తెలుసు. అప్పుడే మిషను ఆపి నిజం చెప్పి ఉంటే కథ అక్కడితో పోయేది. అతను వంటింట్లోకి పరిగెత్తి, గొట్టానికి అడ్డంగా నిలబడి, కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"పై అంతస్తులోంచే వస్తోంది! హాగ్ మిత్వల్లి గారూ, మీ ఉల్లిపాయలు చూసుకోండి!"

"నేను ఉల్లిపాయ తిని ఏడేళ్ళయిందిరా, డాక్టరు వద్దన్నాడు!" అని పైనుంచి గర్జించాడు హజ్ చేసొచ్చిన ఆ ముసలాయన. "ఆ పొగ నీ చంకలోంచి వస్తోంది, వంగి చూసుకో!"

మేడంతా నవ్వింది. ఇన్షిరాహ్ నవ్వలేదు. మొగుడి చంక కింద ఉన్న గొట్టాన్నీ, అతని మొహాన్నీ చూసింది.

"నువ్విక్కడున్నావు. మరి మిషను దగ్గర ఎవరున్నారు?"

ఎవరూ లేరు. మంట ఉంది. కోస్తున్న చెక్క అంటుకుని మిషను మూత సందుల్లోంచి నాలుకలు చాస్తోంది. పరిగెత్తిన షౌకీ చేతికి దొరికింది ఒక్కటే, చల్లారబెట్టిన ఆప్రికాట్ పానకం జగ్గు. "ఆగు, కరెంటు!" అని ఇన్షిరాహ్ అరిచేలోపే విసిరేశాడు. సగం పానకం గోడమీద పడింది. మిగతాది, మంట వేడికి కాగిన లాంతరుమీద పడింది.

టక్‌మని చిన్న చప్పుడు.

ఇన్షిరాహ్ ప్లగ్గు లాగేసింది. తలుపు దగ్గరి ఎర్ర సిలిండరు ఎత్తి, పిన్ను పీకి, గురిచూసి కొట్టింది. తలుపు ధడేల్‌మని మూసుకుంది. మంట ఆరింది. లాంతరు నీలి అద్దం మాత్రం రెండు ముక్కలై ఉంది. ఆమె శాలువా పరిచి ముక్కలు ఏరి పెట్టింది. తిట్టి ఉంటే షౌకీకి ఎంతో బాగుండేది.

తఫీదా వచ్చేసరికి ఉపవాసం విడిచే ఫిరంగి మోగబోతోంది. హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి, ఇంటిని ఒక్క చూపులో తనిఖీ చేసింది. మేడంతా బాతులు పచ్చివే. బల్లమీద ఖర్జూరాలు, తెల్లవారుజామున మిగిలిన ఉడికించిన బీన్స్, రొట్టె ఉన్నాయి. నడుమ శాలువామీద పగిలిన లాంతరు.

"వదినా, నీకోసమే... దీనిలాంటిదే ఇంకోటి చేద్దామని..." అన్నాడు షౌకీ.

"ఇంకోటి ఎవరడిగారు?" అంది ఇన్షిరాహ్ మెల్లగా. "ఈ లాంతరే అక్కకిద్దామని ఇవాళ పిలిచాను. నన్ను ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదయ్యా."

ఫిరంగి మోగింది. షౌకీ ఖర్జూరాల పళ్ళెం వదిన వైపు జరిపాడు.

తఫీదా నీలి ముక్కని దీపానికి అడ్డం పెట్టి చూసింది. "చిన్నప్పుడు నాన్న ఎత్తుకుంటే నాకు ఈ అద్దమే ఎదురుగా ఉండేది," అంది.

ఇన్షిరాహ్ చెయ్యి తుడుచుకుంది. "వినండి. లాంతరు ఈ రంజానుకి అక్క దగ్గర, వచ్చే రంజానుకి నా దగ్గర ఉంటుంది. పగిలిన అద్దంతోనే. సవతి మాత్రం రేపే మరమ్మతుకి వెళ్ళి, అక్కడినుంచి అక్క ఇంటి పెరట్లోకి వెళ్తుంది. చుట్టూ ఇళ్ళు లేవు, చాలినంత గాలి. ఈయన కోసుకోవాలంటే అక్కడికే వెళ్ళాలి."

"నేను ఎదురుగా కూర్చుంటాను," అంది తఫీదా. "పని నడుస్తుండగా లేచావో, షౌకీ, గోడకుర్చీ వేయిస్తాను."

"అలాగే వదినా," అన్నాడు షౌకీ, చల్లారిన బీన్స్‌లోకి చూస్తూ.

గాలిబావిలోంచి హాగ్ మిత్వల్లి గొంతు దిగింది. "షౌకీ! మా బాతు ఇంకా పచ్చిగానే ఉంది. నీ గొట్టం కాస్త ఇటు తిప్పుతావా?"