నాలుగడుగుల సముద్రం

రంగులాయనకు సముద్రమంటే చచ్చేంత భయం. ఆ సంగతి లోకంలో తనకొక్కడికే తెలుసని ఆయన గట్టి నమ్మకం. పెళ్లికి ముందు కాబోయే భార్య దగ్గర గొప్ప కోసం, నీళ్లలో దిగితే తనను చేపలు కూడా అందుకోలేవని ఓ కోత కోశాడు. అప్పటినుంచి నది దగ్గర జలుబనీ, చెరువు దగ్గర జ్వరమనీ చెప్పి నెట్టుకొస్తున్నాడు.

ఆయన పనిచేసేది పెయింట్ల కొట్లో. కొన్నవాళ్లు నచ్చలేదని వెనక్కి తెచ్చిపడేసిన డబ్బాలన్నీ ఆఖరికి ఆయన ఇంటి గోడల మీదికే చేరతాయి. వంటగదిలో ఒక గోడ చిలకపచ్చ, ఎదుటి గోడ వంకాయ రంగు. అందుకే వీధిలో అందరికీ ఆయన రంగులాయన.

ఆయన భార్య లెక్కల టీచరు. ఈసారి సెలవులకు సముద్రానికి పోదామంది. నాలుగు రోజులు ఊరుకుంటే మరిచిపోతుందనుకున్నాడు గానీ, లెక్కల టీచర్లు ఏదీ మరిచిపోరు. కొట్లో పని ఎక్కువన్నాడు, నడుం నొప్పన్నాడు, అక్కడ ఎండలు మండిపోతున్నాయన్నాడు. ఒక్కోదాన్నీ ఆవిడ తప్పు లెక్కలాగే కొట్టేసింది.

“మీకు తీరిక దొరికేదెప్పుడు, నేను తీరం చూసేదెప్పుడు?” అంది.

సముద్రం కోసం అంత దూరం పోవడమెందుకు, దాన్నే ఇంటికి తెస్తానన్నాడు రంగులాయన.

వాళ్ల బాత్రూం వెడల్పు నాలుగడుగులు. బకెట్ పెడితే మనిషికి చోటుండదు, మనిషి నిలబడితే మగ్గు ఎటు పోయిందో వెతుక్కోవాలి. అందులో ఆయన సముద్రాన్ని కుక్కాడు. కింద ముదురు నీలం, పైన లేత నీలం వేశాడు. గోడ నిండా గవ్వలు అంటించాడు. లోపలికి వెళ్లినవాళ్లందరూ వీపు గీరుకుపోయి బయటికొచ్చారు. తలుపు మీద పడవ బొమ్మ గీశాడు. ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, చెప్పు బొమ్మ బాగానే కుదిరిందంది.

ఇంత చేసినా ఆవిడ సెలవుల మాట వదల్లేదు. లోపమంతా అలల చప్పుడు లేకపోవడమేనని ఆయనకు తట్టింది. మర్నాడు ఆవిడ బడికి వెళ్లగానే చిన్న స్పీకరు తెచ్చి, బాత్రూం అటక మీద పాత డబ్బాల వెనక దాచి, అలల హోరు ఆగకుండా మోగేలా పెట్టాడు. సాయంత్రం ఆవిడ స్నానానికి వెళ్లి వినాలి, విని మురిసిపోవాలి, మురిసిపోయి ప్రయాణం మానుకోవాలి. ఈలేసుకుంటూ కొట్టుకు పోయాడు.

కింది వాటాలో ఓ పెద్దాయన ఉన్నాడు. పైన చెంచా పడ్డా మెట్లెక్కి వస్తాడు గనక ఆయనకు నిశ్శబ్దంగారని పేరు. పొద్దున్నుంచీ నెత్తిమీద నీళ్లు హోరెత్తుతుంటే ఊరుకుంటాడా? లెక్కల టీచరు బడి నుంచి వచ్చేసరికి ప్లంబరును వెంటేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉన్నాడు.

భార్య ముఖంలో ఆనందం చూద్దామని రంగులాయన త్వరగా ఇల్లు చేరాడు. తీరా చూస్తే ప్లంబరు బాత్రూం గోడకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు.

“లోపల పైపు పగిలిందక్కా. ఎంత జోరుగా పోతోందో వినండి,” అన్నాడు.

తన ఇంటి కప్పు కూలేదాకా వీళ్లు కదలరని నిశ్శబ్దంగారు గొణిగాడు.

చెబితే స్పీకరు సంగతి బయటపడుతుంది. స్పీకరు ఎందుకంటే, సముద్రానికి పోకుండా ఉండటానికనాలి. పోవడానికేం అంటే ఏమనాలి? రంగులాయన నీళ్లు నమిలాడు. ఆ నమిలేలోపల రెండు సుత్తి దెబ్బలు పడ్డాయి. అది లీకు కాదని చెప్పబోతూ బాత్రూంలోకి అడుగుపెట్టేసరికి మూడోది పడింది. నిక్షేపంలాంటి పైపు పగిలి నీళ్లు ఎగజిమ్మాయి.

“చెప్పానా లేదా?” అన్నాడు ప్లంబరు, ముఖం తుడుచుకుంటూ.

అతను ట్యాంకు కట్టేయడానికి మేడ మీదికి పరుగెత్తాడు. రాలిన గవ్వలు తూముకు అడ్డం పడ్డాయి. చూస్తుండగానే నీళ్లు చీలమండలు ముంచాయి. చుట్టూ నీలం, పైన అలల హోరు. రంగులాయన తనకే తెలియకుండా బోర్లించిన బకెట్ ఎక్కి షవర్ గొట్టాన్ని రెండు చేతులా కావిలించుకున్నాడు.

ఆవిడ నవ్వలేదు. కిందికెళ్లి సామాను జరుపుకోండి బాబాయిగారూ అని ముందు నిశ్శబ్దంగారిని పంపించేసింది. తర్వాత నీళ్లలోకి నడిచి, హోరు వస్తున్న అటక మీద చేయిపెట్టి, డబ్బాల వెనకున్న స్పీకరు ఆపింది.

“దిగండి. చీలమండల దాకే ఉన్నాయి,” అంటూ చెయ్యి చాచింది.

“అదికాదే, కాలు జారుతుందేమోనని...”

“మీకు నీళ్లంటే భయమని పెళ్లయిన కొత్తలోనే తెలుసు. తలమీద ఒక్కో చెంబూ పోసుకుని, బతికి బయటపడ్డట్టు ఊపిరి పీలుస్తారు. గోడ అవతలికి వినపడదనుకున్నారా?”

“తెలిసీ సముద్రానికి పోదామన్నావా?”

“అక్కడైనా నోరు విప్పి చెబుతారనుకున్నాను. చెబితే చెయ్యి పట్టుకుని, పాదాలు తడిసేదాకా తీసుకెళ్దామనుకున్నాను.”

రంగులాయనకు సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ తను మోసిన బరువు ఇంట్లో ఇంకో మనిషి కూడా చప్పుడు చేయకుండా మోసిందని ఇప్పుడు తెలిసింది. ఆవిడ చెయ్యి పట్టుకుని దిగాడు.

ఇంతలో ప్లంబరు తిరిగొచ్చి గోడంతా పగలగొట్టాలనీ, వారం దాకా ఇంట్లో కొళాయి తిప్పడానికి లేదనీ తేల్చేశాడు. పెద్దాయన బాత్రూం అడుగుదామా అన్నాడు రంగులాయన. మెట్ల కిందినుంచి కుదరదని జవాబొచ్చింది.

“రేపట్నుంచి బడికి సెలవులే. స్నానానికి నీళ్లకు లోటులేని చోటు నాకొకటి తెలుసు,” అంది లెక్కల టీచరు.

రంగులాయన వంగి నీళ్లలోంచి ఓ గవ్వ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

“మోకాళ్ల దాకా మాత్రం రాను,” అన్నాడు.

ఆవిడ సరేనని పడకగదిలోకి వెళ్లి, మంచం కిందినుంచి పెద్ద బ్యాగు లాగింది. అందులో బట్టలు ఎప్పుడో సర్దేసి ఉన్నాయి, ఆయనవి కూడా.