గాలి డబ్బాకు పసుపు కుంకుమ

తాను రోజూ ఇంటర్నెట్లో చూసి, చదివి, పరవశించే వెబ్‌సైట్లను ఇకపై ఒక్కడే దాచుకోబోనని, వాటిని ప్రజలకు అంకితం చేస్తున్నానని రాష్ట్ర సుస్థిర జీవన, హాబీల అభివృద్ధి మండలి చైర్మన్ జైపాల్ గారు సంగారెడ్డిలో ప్రకటించారు. పర్యావరణం, ఓపెన్ సోర్స్ టెక్నాలజీ, హాబీలు తనకు మూడు ప్రాణాలని, 'అన్నకు నచ్చిన లింకులు' అనే పేజీ త్వరలోనే జాతి ముందుకు వస్తుందని చెప్పారు. జాతి చప్పట్లు కొట్టింది. జాతి అంటే ఆ రోజు ప్రెస్‌మీట్‌కు వచ్చిన విలేకరులు, బిర్యానీ పొట్లాలు పంచుతున్న పీఏ నర్సింగ్, వెనకాల ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డ మహిత.

అందరూ అన్న అని పిలిచే ఆ చైర్మన్ గారి సోషల్ మీడియా మహితే చూసుకుంటుంది. అన్న మొక్క నాటితే ఫొటో పెడుతుంది. అదే గుంతలో అన్న మళ్లీ మొక్క నాటితే మళ్లీ పెడుతుంది. బీటెక్ చదివింది, ఇలాంటి వెబ్‌సైట్లంటే పిచ్చి, అందుకే ప్రకటన వినగానే ఆమె గుండె గంతులేసింది. అన్నకు ఇంత టేస్టుందని ఇన్నాళ్లూ తెలియనే లేదే! కారెక్కీ ఎక్కగానే అడిగేసింది.

"అన్నా, ఆ లింకులు పంపున్రి, పేజీ చేసేస్త."

"ఏ లింకులు?"

"మీకు నచ్చినయి."

"నాకేం నచ్చినయో నువ్వే జెర చూసి చెప్పు బిడ్డా. నాకు టైమేడుంది?"

"పోనీ, మీ హాబీలేంది అన్నా?"

"ప్రజాసేవ."

"అది హాబీల రాదన్నా."

"మరి దేంట్ల వస్తది?"

ముందు సీట్లోంచి నర్సింగ్ తిరిగాడు. "అన్నకు పండుకునుడు ఇష్టం. రాస్కో."

"పండుకునుడు వద్దుర బై. పిట్టలని రాయి. పిట్టలంటే ఎవ్వలేమనరు" అన్నారు అన్న. కాసేపు కిటికీలోంచి చూసి గొంతు తగ్గించారు. "ఓపెన్ సోర్స్ అంటే ఏందని ఎవలన్న అడిగితే ఏం చెప్పాలె?"

"ఒకలు తయారుచేస్తరు అన్నా. తర్వాత ఎవ్వలైనా చూడొచ్చు, తీస్కోవచ్చు, తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు. అడిగెటోడు ఉండడు."

అన్న ముఖం వికసించింది. "గిదా! మన గవర్నమెంటు భూమి లెక్క."

ఇంత స్పష్టమైన నిర్వచనం మహితకు ఇంజనీరింగ్ కాలేజీలో కూడా దొరకలేదు.

పేజీ తయారైంది. వంటింటి చెత్తతో ఎరువు చేసుకోవడం, దేశీ విత్తనాలు దాచుకోవడం, పాడైన మిక్సీని ఇంట్లోనే విప్పి బాగుచేసుకోవడం, ఊరికే వాడుకునే సాఫ్ట్‌వేర్లు, కూత విని పిట్టను పోల్చుకోవడం, ఇలా తనకిష్టమైన వెబ్‌సైట్లన్నీ మహిత అన్నకు ఇష్టం చేసేసింది. ఒక్కోదాని కింద అన్న అభిప్రాయం కూడా రాసింది: 'ఇది నా జీవితాన్నే మార్చింది.' ఆ పేజీ చివరికొచ్చేసరికి అన్న జీవితం ఎన్నిసార్లు మారిందో చెప్పడం కష్టం. అట్టడుగున ఆమె ఇంకో లింకు పెట్టింది. అది తన సొంత హాబీ.

గడ్డపోతారంలో మహిత నానమ్మ రాజవ్వ ఇంటి డాబా మీద ఒక తెల్ల డబ్బా ఉంది. ఎవరో పుణ్యాత్ములు నెట్‌లో పెట్టిన ఓపెన్ సోర్స్ డిజైన్ చూసి మహితే చేసింది. దాని ముందువైపు చిటికెన వేలు పట్టేంత రంధ్రం. లోపలున్న బుల్లి ఫ్యాను అందులోంచి గాలి పీల్చుకుంటుంది, ఆ గాలి ఎంత చెడిందో డబ్బా లెక్కగట్టి నెట్‌లో పెడుతుంది. అంకె తక్కువుంటే పచ్చ, ఎక్కువైతే ఎరుపు. రాజవ్వకు ఆయాసం. ఊరి పక్క మందుల ఫ్యాక్టరీ గాలి వదిలినప్పుడల్లా డబ్బా ఎర్రబడుతుంది, మహిత ఫోను మోగుతుంది, ఆమె నానమ్మకు ఫోన్ చేసి కిటికీలు మూసుకోమంటుంది.

"నా ముక్కు చెప్తలేదా బిడ్డా, నీ డబ్బా చెప్పాల్నా?" అంటుంది రాజవ్వ.

"నీ ముక్కు మాట ఎవలింటరు నానమ్మా? డబ్బా మాటైతే ఇంటరు."

వినే రోజు కూడా దగ్గర పడింది. ఫ్యాక్టరీ వాళ్లు సరిగ్గా రాజవ్వ ఇంటి వెనక రెండో యూనిట్ కడతామంటున్నారు. దాని మీద ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. వాసనొస్తోంది, దగ్గొస్తోంది అంటే కుదరదు, ఆధారం చూపించాలని అధికారులు ముందే చెప్పేశారు. ఆధారం డాబా మీద ఎర్రగా వెలుగుతోంది. అది అన్న పేజీలోకి ఎక్కిందంటే రాష్ట్రమంతా చూస్తుంది, ఇక రెండో యూనిట్ ఎలా వస్తుందో చూద్దాం!

ప్రారంభోత్సవం దగ్గర ఒక చిక్కొచ్చింది.

"అన్నా, వెబ్‌సైటుకు రిబ్బన్ యాడ కట్టాలె?" అని అడిగాడు నర్సింగ్.

ల్యాప్‌టాప్‌కు కట్టి చూశారు. స్క్రీన్ కనబడలేదు. దాని ముందు కొబ్బరికాయ కొడితే నీళ్లు కీబోర్డులోకి పోతాయని మహిత మొత్తుకుంది. పేజీ మొత్తం కిందికీ మీదికీ వెతికితే, అందులో చేత్తో ముట్టుకోగలిగిన వస్తువు ఒక్కటే ఉందని తేలింది. రాజవ్వ డాబా మీది డబ్బా.

అలా గడ్డపోతారానికి మహర్దశ పట్టింది. రాజవ్వ ఇంటిని పూర్తిగా కప్పేస్తూ ఒక ఫ్లెక్సీ లేచింది, ప్లాస్టిక్ వాడొద్దని అన్న రెండు చేతులూ జోడించి వేడుకుంటున్న ఫ్లెక్సీ. కింద లింకులన్నీ అచ్చువేయించారు. ఒక కార్యకర్త దాన్ని వేలితో నొక్కి చూసి, "సర్వర్ బిజీ ఉన్నట్టున్నది" అన్నాడు. ఫ్యాక్టరీ మేనేజర్ శ్రావణ్‌కుమార్ గారు బొకేతో వచ్చారు. పర్యావరణమంటే ఆయనకూ ప్రాణమే. డబ్బా చెప్పే అంకె అందరికీ కనబడేలా డాబా మీద పెద్ద తెర పెట్టారు.

మన దగ్గర బోరు మోటరైనా, కొత్త ట్రాక్టరైనా పూజ చేయందే మొదలుపెట్టరు. డబ్బా ఎందులో తక్కువ? అన్న కట్టెడు అగరొత్తులు వెలిగించి దాని ముందు గుండ్రంగా తిప్పారు. తెర మీద అంకె ఎనభై నుంచి మూడొందలకు, అక్కణ్నుంచి తొమ్మిదొందలకు లేచింది. తెరంతా ఎరుపెక్కింది.

"నంబర్ పెరుగుతున్నదన్నో!" అని కార్యకర్తలు ఈలలేశారు. అన్నకు సంబంధించిన నంబరేదైనా పెరిగితే ఈల వేయడం వాళ్లకు అలవాటు.

మేనేజర్ మాత్రం ముఖం చిన్నబుచ్చుకుని అన్న చెవిలో ఏదో అన్నారు. అన్న డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"బిడ్డా, దీనిలకు గాలి యాడికెల్లి పోతది?"

ఇంత పెద్ద మనిషి అంత టెక్నికల్ ప్రశ్న అడిగినందుకు మహిత పొంగిపోయింది. "ఇగో అన్నా, ఈ బొక్కలకెల్లి!"

"అంటే ఇది దీని నోరన్నమాట." అన్న పళ్లెంలోంచి తడి పసుపు ముద్ద తీసి, భక్తిగా, దిట్టంగా, రంధ్రం మీద మెత్తారు. నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టారు.

తొమ్మిదొందలు. నాలుగొందలు. అరవై. సున్నా.

తెర పచ్చగా మెరిసింది. వెంటనే నర్సింగ్ మైకు లాక్కున్నాడు. "చూసిన్రా! అన్న చెయ్యి పడ్డది, గాలి సాఫయింది!"

రాజవ్వ కొంగు అడ్డం పెట్టుకుని వంగిపోయి దగ్గుతోంది.

"అవ్వకు సంతోషం ఆగుతలేదు!" అన్నాడు నర్సింగ్ అదే మైకులో.

జనం దిగిపోయాక మహిత తడిగుడ్డ తెచ్చింది. నర్సింగ్ అడ్డం నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవ్?"

"బొక్క మూసుకపోయింది నర్సింగన్నా. జెర తుడుస్త."

"అన్న పెట్టిన బొట్టు తుడుస్తవా? ఆడపిల్లవేనా నువ్వు? అన్నకు గిట్ట తెలిస్తే ఏమన్నున్నదా?"

సాయంత్రానికి డాబా మీద ఒక కానిస్టేబుల్‌కు డ్యూటీ పడింది. ఆయన ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని పసుపుకు కాపలా కాశాడు.

సున్నా కదల్లేదు. ఇంత స్వచ్ఛమైన గాలి హిమాలయాల్లో కూడా లేదని అన్న టీవీలో చెప్పారు. 'అన్నకు నచ్చిన లింకులు' పేజీలో మిగతా లింకులన్నీ తీసేసి ఆ సున్నా ఒక్కటే ఉంచారు. ఎరువులూ, విత్తనాలూ, పిట్టలూ అన్న జీవితంలోంచి వచ్చినంత వేగంగానే వెళ్లిపోయాయి.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు షామియానా కింద రాజవ్వ లేచి నిలబడింది.

"సారూ, గాలి ఇడిస్తే కండ్లు మండుతయి. ఊపిరాడదు. పాణం పోయినట్టే అయితది."

"ఎంతొస్తది అవ్వా?" అన్నారు అధికారి, పెన్ను పట్టుకుని.

"ఏమెంత?"

"నంబరు."

"నాకు దగ్గొస్తది సారూ. నంబరు రాదు."

అధికారి జాలిగా స్క్రీన్ ఆమె వైపు తిప్పారు. "ఇదేం మాది కాదవ్వా. మీ డాబా మీదిదే, మీ మనవరాలు పెట్టిందే. సున్నా చెప్తున్నది. నీ మాట రాసుకుంటే మీ మనవరాలు అబద్ధమాడినట్టయితది. రాయమంటవా?"

రాజవ్వ మనవరాలి వైపు చూసింది. మహిత ఒక్క ఉదుటున లేచింది. "సార్, బొక్కకు పసుపు అడ్డం పడ్డది సార్! అది పనిచేస్తలేదు!"

"పనిచేస్తలేదా?" అధికారి కళ్లజోడు తీశారు. "అయితే అంతకుముందు చూపిచ్చిన ఎరుపు గూడ తప్పే గదమ్మా?"

అభ్యంతరాలేవీ లేవని రాసుకున్నారు. మేనేజర్ గారు అందరికీ మజ్జిగ ప్యాకెట్లు పంచారు.

రాజవ్వ మనవరాలి చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని అంది. "నీ డబ్బా మాట ఇంటరంటివి. ఇన్నరు బిడ్డా."

ఆ తర్వాత 'ఊరూరా సున్నా' పథకం వచ్చింది. డిజైన్ ఓపెన్ సోర్స్ కాబట్టి ఎన్ని కావాలంటే అన్ని డబ్బాలు చేయొచ్చని అన్న ఎక్కడో విన్నారు. చేయడం మహిత వంతు. పసుపు మాత్రం మందుల ఫ్యాక్టరీ వాళ్ల సౌజన్యం. మొదట్లో ఆమె ప్రతి డబ్బా దగ్గరా, ఈసారి ఎవరూ చూడకుండా తుడిచేయాలి అనుకునేది. ప్రతి డబ్బా దగ్గరా ఒక కానిస్టేబులో కార్యకర్తో ఉండేవాడు. కొన్నాళ్లకు ఆమె బ్యాగులో స్క్రూడ్రైవర్ పక్కన పసుపు పొట్లం కూడా చేరింది. మరికొన్నాళ్లకు, చెప్పకముందే పసుపు కలిపి సిద్ధంగా ఉంచడం వచ్చేసింది. 'పిల్ల హుషారు' అని అన్న మెచ్చుకున్నారు.

ఒక ఆదివారం అన్న ఆమెను వెలిమెలలోని తన కొత్త విల్లాకు పిలిచారు. నర్సింగ్ లేడు, ఫొటోగ్రాఫర్ లేడు. అన్న భార్య ధనలక్ష్మి గారు మనవరాలిని ఎత్తుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నారు. పాపకు దగ్గు ఆగడం లేదు.

"డాక్టరేమో గాలి మంచిగుంటేనే కిటికీలు తెరవమన్నడు" అన్నారు అన్న. "మంచిగున్నదో లేదో మాకెట్ల తెలుస్తది? ఓపెన్ సోర్సే గద. ఒకటి ఈడ పెట్టు బిడ్డా."

మహిత బాల్కనీలో డబ్బా బిగించింది. ఫ్యాను సన్నగా తిరగడం మొదలుపెట్టింది. అలవాటు ప్రకారం ఆమె పసుపు పొట్లం విప్పి, సీసాలోంచి నాలుగు చుక్కల నీళ్లు పోసి, వేలితో కలిపి, రంధ్రం దగ్గరికి తెచ్చింది.

అన్న చప్పున చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏయ్, ఆగు! దీనికొద్దు."

మహిత తలెత్తి చూసింది. అన్న ఆమె వైపు చూడలేదు. ఫోన్‌లో అంకె చూస్తున్నారు. అది పెరుగుతోంది, ఎర్రబడుతోంది.

"కిటికీలు మూయి, ధనలక్ష్మీ. జల్దీ" అన్నారు.

కిటికీలన్నీ మూశాక, అన్న మహిత చేతిలోంచి పసుపు పొట్లం తీసుకుని, తడి అంటకుండా జాగ్రత్తగా మడిచి, జేబులో పెట్టుకున్నారు. తెల్లారితే గుమ్మడిదలలో ప్రారంభోత్సవం ఉంది.