ఒవిడ్ గరిటె దెబ్బ

నాకు మనవలు పుట్టాకే అక్షరాలు వచ్చాయి. తప్పులుంటే సర్దుకోండి. నెమ్మదిగా రాస్తాను, జరిగింది మాత్రం వరసగా చెబుతాను.

శనివారం పొద్దున కాఫీ తాగుతూ మా ఊరి ఒవిడ్, సాయంత్రం మంచు మీది హాకీ ఆటలో వేయబోయే గోల్‌ను అప్పుడే వేసేసినట్టు వర్ణిస్తున్నాడు. స్కోరు సమమై, ఒక్కొక్కరే వచ్చి కొట్టే షూటౌట్ వస్తే, గోల్ కాసే గోలీ ఎదుట తానొక్కడే ఉంటాడు. నల్ల రబ్బరు బిళ్ళను కర్ర చివరతో, గరిటెతో సూపు తీసినట్టు ఎత్తి, గిర్రున ఒక చుట్టు తిరిగి, గోలీ భుజం మీదుగా వలలో వేస్తాడు.

ఆ గోలీ పక్క ఊరి రోజేర్, ఒవిడ్ భార్య బ్లాండీన్‌కు తమ్ముడు. రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. బావా బావమరుదుల పందెం ఏమిటంటే, ఓడినవాడు గెలిచినవాడి వాకిట్లో చలికాలమంతా మంచు తీయాలి. బండితో కాదు, పారతో.

"నువ్వు వంగడమే కష్టం, ఇక చుట్టు కూడానా," అంది బ్లాండీన్.

"మీ తమ్ముడికి మంచి పార చూసి ఉంచు. అవునూ, ఫ్రీజర్లో బిళ్ళలేవి?"

గడ్డకట్టని బిళ్ళ మంచు మీద బంతిలా ఎగురుతుంది. మైదానంలోని ఫ్రీజర్ పాడవడంతో బిళ్ళల డబ్బాను ఒవిడ్ ఇంటికి తెచ్చాడు.

"మాంసం కూరిన పై రొట్టెలకు చోటు చాల్లేదయ్యా. తీసి పొయ్యి పక్కన పెట్టాను."

"పొయ్యి పక్కనా?"

"తడిగా ఉన్నాయి మరి. ఆరతాయని."

ఒవిడ్ డబ్బాను పట్టుకెళ్ళి రోడ్డు పక్క మంచుగుట్టలో పాతి, లోపలికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. అంతలో రోజేర్ హారన్ కొట్టుకుంటూ వచ్చి, గుట్టను డబ్బాతో సహా తోసి, ఒవిడ్ వాకిటికి అడ్డంగా కొండలా పోసి వెళ్ళిపోయాడు. తవ్వే తీరిక లేదు. కారు బయటికి రాదు. ఒవిడ్ స్కేట్లు మెడలో వేసుకుని నడిచాడు. పొయ్యి కిందికి దొర్లిన ఒక బిళ్ళను బ్లాండీన్ అతని సంచిలో, దారిలో తినమని ఇచ్చిన వేడివేడి పై రొట్టె పక్కనే పెట్టింది.

అవతలివాళ్ళు తెచ్చిన ఒక్క బిళ్ళతోనే ఆట సాగింది. స్కోరు సమం. షూటౌట్‌లోనూ ఎవరూ గోల్ వేయలేదు. అవతలివాళ్ళలో చివరివాడు కొట్టిన బిళ్ళ కంచె దాటి మంచులో మాయమైంది. మిగిలింది ఒవిడ్ వంతు.

"ఇంకో బిళ్ళ తెండి," అన్నాడు రిఫరీ. ఒవిడ్ తన సంచిలోంచి తీసిస్తే, "ఇదేంటి, అన్నం గిన్నెలా వేడిగా ఉంది?" అన్నాడు.

"రా బావా, పార కొనుక్కున్నావా?" అని అరిచాడు రోజేర్.

ఒవిడ్ దూసుకొచ్చి, బిళ్ళను ఎత్తి, తిరిగాడు. ఎత్తింది నిలిస్తేగా? వెచ్చని బిళ్ళ కర్ర మీద నుంచి జారి కింద పడింది. ఆ సంగతి ఒవిడ్ చూడలేదు. ఖాళీ కర్రనే రోజేర్ భుజం వైపు ఠీవిగా ఊపాడు. రోజేర్ పైకి ఎగిరి గాలిని పట్టుకున్నాడు. బిళ్ళ రెండు గంతులు వేసి, అతని కాళ్ళ మధ్య నుంచి వలలోకి పోయింది.

"కిందినుంచి పంపుతానని ఎవరికైనా చెబుతానా?" అన్నాడు ఒవిడ్, వెనకే నడిచొచ్చి ఆట చూసిన బ్లాండీన్ వైపు చూడకుండా.

మర్నాడు రోజేర్ పారతో వచ్చి, తాను పోసిన కొండనే తవ్వడం మొదలుపెట్టాడు. పార డబ్బాకు ఠంగున తగిలింది.

లోపల బిళ్ళలన్నీ రాళ్ళలా గడ్డకట్టి, ఆటకు సిద్ధంగా ఉన్నాయి.

— ఫ్లోరిడా గాన్యోఁ, 79 ఏళ్ళు, ప్రస్తుతం రూయాన్‌లో కూతురి ఇంట్లో