కప్పు తీసిన కారులో డెల్బర్ట్

ఆ శనివారం వెర్నా పథకం చాలా చిన్నది. భర్త డెల్బర్ట్ చితాభస్మాన్ని పదకొండింటికల్లా శ్మశానానికి చేర్చాలి. అదీ ఆయన ప్రాణంగా చూసుకున్న డెబ్బై ఎనిమిది నాటి కారులో, కప్పుగా ఉన్న రెండు అద్దాల పలకలూ తీసేసి. ఆయన చివరి కోరిక అది. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన అడిగినవన్నీ ఆవిడ ఏదో ఒక వంకతో దాటేసింది. ఇదీ దాటేస్తే తన మనసే తనను క్షమించదు.

పలకల్ని డిక్కీలో పడుకోబెట్టేసరికి పూలగుత్తికి కూడా చోటు మిగల్లేదు. మరిది హార్లన్ భస్మం పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనక పంతొమ్మిది కార్లు పట్టపగలే దీపాలు వెలిగించుకుని కదిలాయి. అంతిమయాత్రలో ముందు కారు ఎటు తిరిగితే అందరూ అటే. ఎందుకని అడగడం ఒహాయోలో మర్యాద కాదు.

"వదినా, చినుకు పడింది."

"నోరు మూసుకుని పెట్టె పట్టుకో."

"పడింది పెట్టె మీదే. అట్ట మూత వదినా!"

ఎదురుగా కార్లు కడిగే షెడ్డు కనిపిస్తే, నీడ దొరికిందని వెర్నా లోపలికి తిప్పింది. పంతొమ్మిది కార్లూ గంభీరంగా తిరిగాయి. ఇద్దరూ దిగి పలకలతో కుస్తీ పట్టారు.

"అది కుడివైపుదయ్యా! కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్?"

ఎలాగో బిగించి కూర్చునేసరికి షెడ్డు యజమాని ఓర్విల్ టోపీ తీసి గుండెకు ఆనించుకుని వచ్చాడు.

"కారంటే ప్రాణమిచ్చేవాడమ్మా. ఆఖరిసారి కడిగించడానికి తెచ్చారా!"

"కాదు, ఆగవయ్యా!" అని వెర్నా అరిచింది. ఓర్విల్ దాన్ని శోకమనుకుని, కళ్ళు తుడుచుకుంటూ మీట నొక్కాడు.

బిగించిన పలకల అంచుల్లోంచి నీళ్ళు ధారగా దిగాయి. కప్పు కారుతోందని వెర్నా అన్నప్పుడల్లా, పదమూడేళ్ళుగా డెల్బర్ట్ ఒకటే మాట: అది కారడం కాదు, చెమ్మ. హార్లన్ పెట్టెను కోటు లోపల దాచుకుని ముడుచుకుపోయాడు.

"వదినా, ఇది చెమ్మేనంటావా?"

వెర్నాకు నవ్వొచ్చింది. వాదనలో గెలిచానని చెబుదామంటే వినేవాడు కోటు లోపల ఉన్నాడు. ఆయన పోయాక ఆవిడ మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చింది.

శ్మశానం చేరేసరికి పన్నెండు దాటింది, వాన జాడ లేదు. పెట్టె పొడిగానే ఉంది. షెడ్డులో వరసగా కడిగించుకొచ్చిన ఇరవై కార్లు ఎండలో తళతళలాడుతుంటే పాస్టర్‌గారు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారు.

"పోయినవాళ్ళకి ఇంత మర్యాద నేనెక్కడా చూళ్ళేదమ్మా."

జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా వెర్నా తల వంచుకుంది. "ఆయన కోరికండీ."

మరుసటి నెల పాస్టర్‌గారి పెద్దమ్మ పోతే, దారి కాకపోయినా, అంతిమయాత్ర మొదట ఓర్విల్ షెడ్డుకే వెళ్ళింది.