డాక్టరుగారి జబ్బ

ఆ ఉదయం నర్సు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆస్తమా ఉన్న అత్తగారిని తను పనిచేసే క్లినిక్‌కి తీసుకురావాలి, డాక్టరుచేత ఒక్క గట్టి మాట చెప్పించాలి, ఫ్లూ టీకా వేయించాలి. పోయిన చలికాలం ఫ్లూ పట్టుకుని అత్తగారు ఆక్సిజన్ దాకా వెళ్లొచ్చింది. మళ్లీ వస్తే ఇంటికి తిరిగి రావడం అనుమానమే. అయినా కోడలి మాట చెవిన పెట్టదు. డాక్టరు చెబితేనే ఆవిడకి వేదం.

చిక్కల్లా ఆ డాక్టరుతోనే. మందులు దడదడా రాసేస్తాడు గానీ, టీకా దగ్గరికొచ్చేసరికి నీళ్లు నములుతాడు. ఈసారి గట్టిగా చెప్పమని నర్సు ముందే బతిమాలింది. తీరా సమయానికి, "వేయించుకుంటే మంచిదేనండీ, ఆపైన మీ ఇష్టం," అన్నాడు.

అత్తగారు కళ్లజోడు సర్దుకుంది. "మరి తమరు వేయించుకున్నారా బాబూ?"

"నేనా... నాకింకా తీరిక దొరకలేదండీ."

గది తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీదున్న షుగరు పేషెంటు ఆ మాట గుండెజబ్బాయనకి చేరవేశాడు. డాక్టరే వద్దన్నాడని ఆయన పక్కావిడతో అన్నాడు. ఆ కబురు మందుల కౌంటరు చేరేసరికి, ఆ టీకా వేయించుకుని డాక్టరు మంచాన పడి లేచాడు. టీకా కోసం వచ్చినవాళ్లు ఒక్కొక్కరే సంచులు సర్దుకోసాగారు.

"సార్, అందరి ముందూ మీరు వేయించుకోండి. లేకపోతే ఒక్కరూ మిగలరు," అంది నర్సు గొంతు తగ్గించి.

డాక్టరు మొహం తెల్లబడింది. అప్పటికి గానీ ఆమెకి అసలు సంగతి తెలియలేదు. ఆయనకి టీకా మీద అనుమానం లేదు. సూదంటే హడలు.

హాలు మధ్య కుర్చీ వేశారు. డాక్టరు చొక్కా చెయ్యి పైకి మడిచి, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. సూది దిగింది. వెంటనే డాక్టరూ కుర్చీలోంచి నేలకి దిగాడు.

జనం తలుపుకేసి కదిలారు. నర్సు ఆయన నాడి చూసి, కాళ్లు ఎత్తిపట్టి, భయంతో కళ్లు తిరిగాయంతేనని చెబుతున్నా వినే నాథుడు లేడు.

అత్తగారు మాత్రం కదల్లేదు. సూది తగలకముందే ఆ మొహంలో నెత్తుటి చుక్క లేకపోవడం ఆవిడ కళ్లారా చూసింది.

"ఇంత పిరికివాడే చెయ్యి చాపాడంటే, ఆ జబ్బు ఇంకెంత చెడ్డదై ఉండాలి," అని ఖాళీ అయిన కుర్చీలో కూర్చుంది. "కానియ్యవే అమ్మాయ్."

తలుపు దగ్గర జనం ఆగారు. ఆలోచించారు. డాక్టరుని జాగ్రత్తగా దాటుకుంటూ ఆవిడ వెనక వరస కట్టారు.

ఇన్నేళ్ల ప్రాక్టీసులో డాక్టరు అంతమందిని ఒప్పించింది ఆ రోజే, అదీ స్పృహలో లేకుండా.